చెరుకు నూగు, పక్క వెలుగు

1967 నవంబరు మొదట్లో, నిజామాబాద్‌లో వర్తకులు చందాలతో నడిపే ఒక ధర్మ కంటి ఆస్పత్రిలో డాక్టరుగా చేరాను. నాకంటే కొద్దిగా ముందు అక్కడ ఒక స్లిట్ ల్యాంప్ చేరింది. సన్నని చీలిక గుండా వెలుగును కంటి మీద వేసి, మైక్రోస్కోపుతో చూసే యంత్రం అది. వచ్చిన నాటి నుంచి దానికి పని లేదు గాని పూజలకు లోటు లేదు. దసరాకు ఆయుధపూజ చేశారు. లోపలి అద్దానికి కుంకుమ బొట్టు పెట్టారు. రోగి గడ్డం ఆనించవలసిన చోట నిమ్మకాయ కూర్చుంది.

ఆస్పత్రి సంఘం కార్యదర్శి బెల్లం వ్యాపారి. అందరూ సేఠ్ అనేవారు. "దీపమన్నంక మంచి రోజు సూసి ముట్టియ్యాలె డాక్టర్ సాబ్" అన్నారాయన. కార్తీక పౌర్ణమికి ముహూర్తం పెట్టించారు. అప్పటిదాకా టార్చితో నడిపించమన్నారు. పంచాంగం చూసుకుని రమ్మని కంటి జబ్బులకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు.

పౌర్ణమి ఇంకా వారం ఉందనగా, బోధన్ అవతలి పల్లె నుంచి గంగారాం అనే రైతు, తన అన్న రాజన్నతో వచ్చాడు. రెండు రోజుల కిందట చెరుకు కొడుతుంటే ఆకు కుడికంటికి తగిలింది. ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలిన ఆ ఒక్క కన్నూ ఎర్రబడి నీరు కారుతోంది. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. దానిలో ఆకు నూగు దిగబడి ఉండిపోతే బూజు పట్టి పుండవుతుంది. ఆ తర్వాత దానికి చేయగలిగింది తక్కువ.

లోపల నలక ఉండవచ్చన్నాను. రాజన్న నవ్వాడు.

"యాడుంది సార్? మా ఊరి సాయవ్వ నాల్కతోని తీసింది. గిదిగో."

కాగితం పొట్లం విప్పాడు. అందులో వడ్లగింజంత పుల్ల ఉంది.

"ఇంత పుల్ల కంట్లో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడా?"

"ఓర్సుకున్నడు సార్. మావోడు గట్టోడు."

నాలుకతో కన్ను తుడిచి, బుగ్గలో ముందే దాచుకున్న పుల్లను ఉమ్మి చూపించే విద్య అది. నేను టార్చి వేశాను. ఏమీ కనబడలేదు.

"మీ బత్తికే కనవడలే. సుక్కలియ్యుండ్రి, పోతం" అన్నాడు రాజన్న.

ఇద్దరినీ కూర్చోమని, పౌర్ణమి దాకా ఆగితే కన్ను దక్కదని సేఠ్‌కు చెప్పాను. ఆయన బాగా ఆలోచించి, పంతులును అడిగి వస్తానని వెళ్లారు. ఆయన తిరిగి వచ్చేలోపు నిమ్మకాయ తీసి కిటికీలో పెట్టి, తెరలు దించి, దీపం ముట్టించాను.

మొదట ఒక ఎర్రటి మచ్చ కనిపించింది. గంగారాంను కన్ను తిప్పమన్నాను. కన్ను తిరిగింది, మచ్చ తిరగలేదు. కంట్లో ఉన్నదైతే కంటితోపాటు కదలాలి. జబ్బు అద్దానిదని తేలింది. స్పిరిటుతో బొట్టు తుడిచాను.

ఎదురుగా వెలుగు కుమ్మరిస్తే పొరంతా మెరుస్తుంది, ఆ మెరుపులో నూగులాంటి గాజు వన్నె వస్తువు దాక్కుంటుంది. అందుకని చీలికను సన్నం చేసి, నల్లగుడ్డు తెల్లగుడ్డును కలిసే అంచున వెలుగు వేశాను. ఆ వెలుగు పొర లోపలే పాకి అవతలి అంచున ఉంగరంలా వెలుగుతుంది. పొర శుభ్రంగా ఉంటే నడుమ చీకటే. గంగారాం కంట్లో ఆ చీకటి నడుమ ఒక గీత తళుక్కుమంది. తర్వాత సన్నని వెలుగును ఏటవాలుగా దాని మీద వేస్తే, పొర కోసిన ముక్కలా కనిపించి లోతు తెలిసింది. నూగు మూడో వంతు మందం దాకా దిగింది. సూదికి అందుతుంది.

కాని రాజన్న ఒప్పుకోలేదు. అవ్వ తీశాక మళ్లీ సూది ఎందుకన్నాడు. వాదించడం మాని, అతణ్ణే నా స్టూలు మీద కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు.

"గాజుపెంకు లెక్క మెరుస్తున్నది. ఒరే గంగా, కదలకురా" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "తీయుండ్రి సార్" అన్నాడు మెల్లగా.

చుక్కలతో కన్ను మొద్దుబార్చి, సూదిమొనతో నూగు తీశాను. కొన్ని వారాలు మందు వేశాక సన్నని మచ్చ మిగిలింది, చూపు నిలిచింది. సేఠ్ దసరా పూజ ఫలించిందన్నారు. రాజన్న తీర్పు ఇంకా ఘనంగా ఉంది: "పెద్దది అవ్వ తీసింది. చిన్నది మీకు ఇడిసిపెట్టింది సార్."

కంటిలోది చూపించినంత మాత్రాన తలలోది పోదని అప్పుడు తెలిసింది. అయినా, ఆ చూపించడం వల్లే సూదికి ఒప్పుకున్నాడు. అందుకని సర్వీసు ముగిసేదాకా రెండు పద్ధతులు పాటించాను. నలక తీయడానికి ముందు ఇంటివాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి చూపించేవాణ్ణి. తీశాక దాన్ని పొట్లం కట్టి చేతికిచ్చేవాణ్ణి. ఈ రెండోది సాయవ్వ దగ్గర నేర్చుకున్నదే. కాకపోతే నా పొట్లంలోది కంట్లోంచి వచ్చింది.