శ్రీరమ్య సర్వేలో ‘ఇతరములు’

శ్రీరమ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్ల ఊళ్లో అందరూ అంటారు. అనేవాళ్లకేం, అనేసి పోతారు. ఆ కోపం ఎందుకొచ్చిందో అడిగిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. అడిగితే ఆమె ఎంబీయే చదివిన రోజుల దగ్గర్నుంచి చెప్పుకు రావాలి.

రెండు వేల మూడు నాటి మాట. ఆమె గుంటూరు బ్రాడీపేటలో రూము తీసుకుని చదువుతోంది. వాళ్ల ఊరికేమో పిడుగురాళ్ల రోడ్డు మీద బస్సు దిగి, కాలవ గట్టు వెంట లోపలికి పోవాలి. తండ్రి యలమందయ్య మిరప, పత్తి వేస్తాడు. వ్యాపారంలో నిర్ణయాలు తీసుకోవడానికి లెక్కలెలా చూడాలో నేర్పే పేపరు ఒకటి ఆమెకు ఎంతో నచ్చింది. అది చెప్పే భావనారాయణగారు క్లాసుకు వచ్చినప్పుడల్లా ఒకే మాట అనేవారు, అంకె అబద్ధం చెప్పదని. ఆమె దాన్ని నమ్మింది. నమ్మడమే ఆమె చేసిన పాపం.

చివర్లో ప్రాజెక్టు ఉంటుంది. ఊళ్లకు వెళ్లి జనాన్ని అడిగి, జవాబుల్ని కంప్యూటర్‌కెక్కించి, రిపోర్టు రాయాలి. రాయాలి అని రూలు. జరిగేది వేరు. జిరాక్సు షాపులో పాత రిపోర్టు కొనుక్కుని కంపెనీ పేరు మార్చేవాళ్లు కొందరు, హాస్టల్ మంచం మీద కూర్చుని ప్రశ్నాపత్రాలకు తామే టిక్కులు పెట్టుకునేవాళ్లు ఇంకొందరు.

“నాలుగు రంగుల పెన్నులుంటే చాలే, వందమంది రైతులు తయారు” అంది రూమ్మేట్ రెబ్కా. “ఈ ఎండలో నువ్వు తిరిగొచ్చినా అవే మార్కులు.”

శ్రీరమ్యకు ఒళ్లు మండింది. తనకు వచ్చింది ఒక పెద్ద పురుగుమందుల కంపెనీ ప్రాజెక్టు. మిరప రైతులు మందు ఎలా ఎంచుకుంటారో తేల్చి చెబితే, దాన్నిబట్టి వచ్చే ఏడు ఎక్కడ ఖర్చుపెట్టాలో కంపెనీ నిర్ణయిస్తుంది. అంటే తను పెట్టే టిక్కు మీద వేల ఎకరాల సంగతి ఆధారపడి ఉంది. దాన్ని హాస్టల్లో కూర్చుని పెడతారా?

పుస్తకంలో ఉన్నట్టే ప్రశ్న రాసుకుంది. మందు ఎందుకు కొన్నారు? నాణ్యత చూసి, ధర చూసి, ప్రకటన చూసి, తోటి రైతు చెప్పి. అన్నిటికన్నా కింద ‘ఇతరములు’. మాఘమాసంలో కల్లాల్లో కాయలు ఆరబోసుకుంటున్న రైతుల దగ్గరికి ఆ కాగితాలు పట్టుకుపోయింది.

“మందు ఎందుకు కొన్నారు బాబాయ్?”

“ఎంచుకునేది మనమా ఏంటమ్మా? ముడత పడిన ఆకు తువ్వాల్లో కట్టుకుపోయి మందుల కొట్టాయనకి చూపిచ్చాం. ఆయనిచ్చింది తెచ్చి కొట్టాం.”

పక్క కల్లంలోనూ అదే మాట. ఆ పక్క ఊళ్లోనూ అదే. అప్పుడు తట్టింది ఆమెకు. తన తండ్రి చేసేదీ అదే కదా. చిన్నప్పుడు ఆ తువ్వాలు మూట తనే మోసుకుంటూ వెంట వెళ్లేది. కాగితం మీద మాత్రం ఆ జవాబుకు గడి పెట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు. తనను తాను తిట్టుకుంటూ అందరి జవాబులూ ‘ఇతరములు’లో వేసి, పక్కన వాళ్లన్న మాట కూడా రాసుకుంది.

రాసుకుంటుంటే ఇంకో సంగతి బయటపడింది. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండిటికీ మందులు వేరు. కొట్లలో మాత్రం ఏ ఆకు చూపించినా ఒకే సీసా ఇస్తున్నారు.

కంప్యూటర్ చక్రం బొమ్మ గీసి ఇచ్చింది. అందులో మూడొంతులు ‘ఇతరములు’. భావనారాయణగారు చూసి మొహం చిట్లించారు.

“దీన్ని రిపోర్టంటారా? ఇతరములు తీసేసి మిగతావాటిని నూటికి సరిచెయ్యమ్మా.”

“తీసేస్తే మిగిలిన కొద్దిమంది మాటే అందరి మాటవుద్ది కదండీ సార్.”

“కంపెనీకి అడిగినదానికి జవాబు కావాలి. అది లేకపోతే నేను సంతకం పెట్టను.”

ఆయన సంతకం లేకపోతే డిగ్రీ లేదు. అంకె అబద్ధం చెప్పదన్న నోటితోనే అంకెను గొంతు పిసికి చంపమంటున్నాడు పెద్దమనిషి. శ్రీరమ్య ఒప్పుకోలేదు. ‘కొట్టు యజమాని ఇచ్చినది’ అని కొత్త గడి గీసింది. రెండు ముడతల సంగతి తర్వాతి పేజీలో పెట్టింది. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర పట్టు వదలకుండా నిలబడింది. చివరికి ఆయన విసుగెత్తి, “కంపెనీవాళ్లు తిడితే నాకు సంబంధం లేదు” అంటూ సంతకం గీకి పడేశారు.

కంపెనీవాళ్లు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఓ హోటల్ హాల్లో ఆమె బొమ్మలు చూపించి చెబుతుంటే మేనేజరు కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎక్సలెంట్. ఇన్నాళ్లూ గోడల మీద రాతలకీ, ఊళ్లో సినిమాలకీ దండగ చేశాం. ఇక రైతును వదిలెయ్యండి. మొత్తం కొట్లవాళ్ల మీద పెట్టండి. మన సరుకు ఎక్కువ అమ్మినవాడికి బంగారు నాణెం, బ్యాంకాక్ ట్రిప్పు.”

“సార్, రెండు ముడతలకీ ఒకే మందు ఇస్తున్నారండి. తర్వాతి పేజీలో ఉంది” అంది శ్రీరమ్య.

“అది వ్యవసాయ శాఖ చూసుకుంటుందమ్మా. మనది మార్కెటింగ్.”

ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. చప్పట్లు కొట్టారు. ఉద్యోగమిస్తామన్నారు. అంకె అబద్ధం చెప్పదని తను ముందే చెప్పానంటూ భావనారాయణగారు అందరికీ చేతులు కలుపుతున్నారు. కొట్టును నిలదీస్తారని ఆమె అనుకుంటే, వీళ్లు దాన్నే కొనేశారు. దొంగ చేతికి తాళం తనే ఇచ్చినట్టయింది. ఉద్యోగానికి రానని అక్కడే చెప్పేసి, బస్సెక్కి ఊరొచ్చేసింది.

ఆ కార్తీకంలో వాళ్ల చేలో ముడత కనిపించింది. యలమందయ్య సత్తెనపల్లి వెళ్లి సాయంత్రానికి మందు సీసాలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. సీసాల మీద ఆ కంపెనీ బొమ్మే.

“నాన్నా, మన ఆకు కిందికి గదా ముడిచింది?”

“కిందికే.”

“ఇది పై ముడత మందు. ఆకు చూసే ఇచ్చాడా?”

“ఆకెందుకమ్మా?” అన్నాడు యలమందయ్య. మొహం వెలిగిపోతోంది. “నువ్వు లెక్కలు కట్టిన కంపెనీదేనంటగా. మీ అమ్మాయి తేల్చిన మందయ్యా, కంపెనీవాళ్లే చెప్పారు, కళ్లు మూసుకుని కొట్టుకో అన్నాడు కొట్టాయన. ఇంకేం అడుగుతాం, తెచ్చేసుకున్నా.”

భుజం మీది తువ్వాలు తీసి ఆమెకిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. తువ్వాలు కొసన పొద్దున వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆకు అందులోనే ఉంది.

శ్రీరమ్య ఆ ముడి విప్పలేదు. ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో సీసాల సంచీ పట్టుకుని, సత్తెనపల్లి బస్సు కోసం కాలవ గట్టెక్కింది.