బ్లీచింగ్ వాసన

స్విమ్మింగ్ పూల్ గేటు దాటగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. నాకు ఒళ్ళు మండింది.

రాజోలు దగ్గర మా ఊళ్ళో, వేసవికి కాలవ కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపేవారు. రైతుల పిల్లలు అరటిబోదెలు పట్టుకుని రోజూ అందులో ఈదేవారు. ఎవరూ వద్దనేవారు కాదు. ఒకరోజు ఊరి చివర మా చర్చి పేట నుంచి వెళ్ళి నేనూ దిగాను.

"పైకి రారా! తాగే నీళ్ళురా అవి!" కాపలావాడు కర్ర ఎత్తాడు. నేనొక్కణ్ణే పైకొచ్చాను.

సాయంత్రం ప్రెసిడెంటుగారు గట్టుమీద నిలబడి కాపలావాణ్ణి అడిగారు.

"బ్లీచింగ్ చల్లేవా?"

"ఆయ్, బస్తాడూ చల్లేసేనండి."

అప్పట్లో నాకు ఒళ్ళంతా గజ్జి. దానివల్లే చల్లారనుకున్నాను. అమ్మకి అదే చెప్పాను. అమ్మ కాదనలేదు. కొబ్బరినూనెలో గంధకం కలిపి, నేను ఏడుస్తున్నా వదలకుండా రోజూ ఒళ్ళంతా రుద్దింది. గజ్జి మచ్చ లేకుండా పోయింది. సంబరంగా వెళ్ళి మళ్ళీ దిగాను.

మళ్ళీ బస్తా విప్పారు.

"నాన్నా, ఈ నీళ్ళు కంపు కొడుతున్నాయి," అంది మా అమ్మాయి, పూల్ మెట్లమీద ముక్కు మూసుకుని.

"దిగమ్మా," అన్నాను. "ఇక్కడ అందరికీ కలిపే చల్లుతారు."