జీన్స్ తొడుక్కున్న గొర్రెలు

ఆ ఆదివారం నేను చేసిన తప్పును ముందే ఒప్పేసుకుంటాను. మా చర్చి సంఘంలోని పిల్లల్ని, పెద్దల్ని, ముసలమ్మల్ని, చివరికి ప్రార్థన చేయించే అయ్యగారిని కూడా ఒక్క పూటలో నీలంగా మార్చేశాను. మార్చమని ఎవరూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, నేను అడక్కుండానే పెట్టాను. కారణం కడుపుమంట. మామూలు కడుపుమంట అయితే గ్లాసు మజ్జిగతో పోతుంది. ఇది ప్రకాశు అనే మనిషి వల్ల వచ్చింది.

నా పేరు సామేలు. బళ్ళారి గాంధీనగర్‌లో కాపురం, ఒక జీన్స్ వాషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు ఉద్యోగం. కొత్తగా కుట్టిన ప్యాంట్లు మా దగ్గరికి ముదురు నీలంతో, అట్టల్లా బిర్రుగా వస్తాయి. నీళ్ళు తగిలితే చాలు, రంగు కారుతుంది. ఆ కారే రంగును ముందే కార్చేసి పంపడమే మా పని. నేను అన్నం తినేదే ఆ విద్య మీద. అది తెలిసిన మనిషినని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సెలవుల్లో మా తెలుగు సంఘంలో అందరూ కలిసి బొమ్మలు వేసే రోజు ఒకటి ఉంటుంది. దానికి సామాను కొనే పెత్తనం నాదే. నా పద్ధతి సులువు. దుకాణానికి వెళ్ళి "పిల్లలకు రంగులు" అనేవాణ్ణి. వాళ్ళు ఇచ్చింది తెచ్చేవాణ్ణి. ఆ డబ్బాల్లో పసుపు కామెర్ల నుంచి కోలుకున్నట్టు పాలిపోయి ఉండేది. బ్రష్షు వెంట్రుకలు రాలి బొమ్మ మీదే ఎండిపోయేవి. ఒక ఏడాది ఓ పాప వేసిన చేపకు మీసాలు మొలిచాయి. అయినా ఆ రోజు చివర్లో అయ్యగారు మైకులో, "సామాను తెచ్చిన సామేలు గారికి వందనాలు" అనేవారు. ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం అది నా ఆస్తి.

ఆ ఆస్తి మీదికి దోణిమలై ఇనుప గనుల నుంచి బదిలీ మీద ప్రకాశు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నెమ్మదైనవాడు, బొమ్మలు బాగా వేస్తాడు. ఈ మూడింటిలో ఏదో ఒక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి.

"ఈసారి తలా ఒక కాగితం వద్దయ్యగారూ," అన్నాడు మీటింగులో. "ఒకటే పెద్ద గుడ్డ. కాపరి బొమ్మ నేను గీసిపెడ్తా. చుట్టూ గొర్రెలు. ఇంటికొక గొర్రె. ఇంటోళ్ళంతా కలిసి దానికి రంగేయాల. ఆరినాంక గుడి లోపల గోడకు కడదాం."

"గొర్రె తెలుపే కదప్పా, దానికి మళ్ళా రంగేంది?" అన్నాను.

"తెలుపుకే చానా పనుండాదన్నా. నీడ పడేచోట లేత బూడిద రంగు, ఎండ పడేచోట రవ్వంత పసుపు."

అందరూ "అబ్బా!" అని నోరు తెరిచారు. నాదీ తెరుచుకుంది. వెంటనే దాన్ని ఆవలింతగా మార్చుకున్నాను.

"చిన్న డబ్బాలు బేడ, వద్దే వద్దు," అని సాగించాడు. "ఐదు రంగులు పెద్ద సీసాల్లో తెస్తే మిగతావి మనమే కలుపుకోవచ్చు. పిల్లోళ్ళకు లావు బ్రష్షులు, పెద్దోళ్ళకు సన్నవి. బ్రష్షులు కడగను ఒక బకెట్, మళ్ళా ముంచను ఇంకొకటి. ఆ దినం ప్రభు భోజనం ఆరాధన కదా, అందరూ తెల్లబట్టల్లో వస్తారు. పైన తొడుక్కోను పాత చొక్కాలు తెచ్చుకోమని చెప్పండి."

"బకెట్ల దాకా ఆలోచించినాడు చూడయ్యా!" అని నా భార్య సుగుణ నా చెవిలోనే అంది. ఇంటి దీపమని ముద్దాడితే మీసాలు కాలాయట. నేను ముద్దాడకుండానే కాలాయి.

"సామేలు గారూ, ఈసారి ప్రకాశు గారు చూసుకుంటారు. కొనేదానికి మీరు తోడు పోండి," అన్నారు అయ్యగారు. తోడు! పెళ్ళికొడుకు పీట మీద నుంచి లేపి నన్ను తోటి పెళ్ళికొడుకును చేశారు.

బజారులో నాకు అలవాటైన దుకాణం రఫీక్ భాయ్‌ది. "రాండి సామేల్ భాయ్! అదే మామూలు డబ్బాలేనా?" అన్నాడు. నేను తలూపేలోపు ప్రకాశు ఒక బ్రష్షు తీసి, వెంట్రుకల్ని వేళ్ళతో మెల్లగా లాగాడు. రెండు ఊడొచ్చాయి. పక్కన పెట్టాడు. ఇంకో రకం తీసి లాగాడు. ఊడలేదు. పెళ్ళిబట్టలు కొనేటప్పుడు పట్టుచీర చూసినట్టు దాన్ని చెంపకు ఆనించి చూశాడు.

"ఇవి ఇయ్యండి భాయ్."

"అరె వా! తెలిసిన గిరాకి వస్తే దుకాణానికే ఇజ్జత్," అన్నాడు రఫీక్ భాయ్. "ఆ ఊడేవి ఎవరూ కొనరు భాయ్. మా సామేల్ భాయ్ ఒక్కరే కొంటాండ్రి."

చాయ్ వచ్చింది. మొదటి గ్లాసు ప్రకాశు చేతికిచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ బల్ల ముందు మొదటి గ్లాసు నాది. రెండో గ్లాసులో నాకు చక్కెర కూడా తక్కువనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. మెరుపు వెంట పిడుగు కూడా పడుతుందని అప్పుడు తట్టలేదు.

"పాత చొక్కాలేంది ప్రకాశప్పా, చూసేదానికి బాగుండదు. నేను అందరికీ ఏప్రాన్లు కుట్టిస్తా. అసలైన జీన్స్ గుడ్డతో."

"మంచిదే అన్నా. కొత్త గుడ్డ కదా, ఒకసారి ఉతికిస్తే మేలేమో?"

"ఏందప్పా, జీన్స్ గుడ్డ గురించి నువ్వు నాకు చెప్తాండావా? నీకు దోణిమలై ఎర్రదుమ్ము తెలుసు. నీలం సంగతి నాకు ఇడ్చిపెట్టు."

"సరేన్నా, ఆయ్తు," అన్నాడు. పాపం, తగాదా తెలియని మనిషి.

ఉతకాలని నాకు తెలియదా? తెలుసు. కానీ ఉతికితే గుడ్డ వెలిసి, మెత్తబడి, పాతదానిలా కనబడుతుంది. వెలిసిన ఏప్రానుకు మైకులో ఎవరు వందనాలు చెబుతారు? పైగా రంగులు పడేది బయటి నుంచి కదా, లోపలి నుంచి ఏం వస్తుందిలే అనుకున్నాను. కుట్టే షాపుల్లో మిగిలిన ముక్కలు తెచ్చి, జేబుతో సహా కుట్టించి, నా చేతులతో నేనే ఇస్త్రీ చేసి దొంతర పేర్చాను.

"ఏమయ్యా, నీ చేతులేంది నీలంగా ఉండాయి?" అంది సుగుణ.

"జీన్స్ యూనిట్లో పనిచేసేటోని చేతులు నీలంగా కాక పచ్చగా ఉంటాయా?"

"నువ్వు సూపర్‌వైజరు కదా? ఎప్పుడూ లేందే!"

అది దేవుడు నాకిచ్చిన ఆఖరి హెచ్చరిక. నేను దాన్ని సబ్బుతో కడిగేశాను.

ఆదివారం వచ్చింది. బళ్ళారి మే నెల ఎండ. గుడి ఆవరణలో షామియానా. తెల్లచీరలు, తెల్లచొక్కాలు, వాటి మీద నా ముదురు నీలం ఏప్రాన్లు. మా సంఘంలో అందరికంటే పెద్దది, అందరికంటే పెద్ద నోరున్నదీ రత్నమ్మవ్వ. ఆమె ఏప్రాన్ కట్టుకుని ఇటూ అటూ తిరిగి చూసుకుంది.

"భలే ఉండాదిరా సామేలూ! ఆపరేషన్ చేసే డాక్టరమ్మ మాదిరి ఉండాను."

నేను నేల మీద లేను. షామియానా గుడ్డ అడ్డం లేకపోతే ఇంకా పైకి పోయేవాణ్ణి.

జనం పనిలో పడ్డారు. చెమట కారుతోంది. పిల్లలు బకెట్లో చేతులు ముంచడం, ఏప్రానుకు తుడుచుకోవడం, ఆ చేత్తోనే గొర్రెను నిమరడం. చూస్తుండగానే గొర్రెలు మెడ దగ్గర నీలం, కాళ్ళ దగ్గర నీలం.

"నీడ రంగేమోలే," అన్నారు ఒకరు.

"ఏం నీడప్పా, గొర్రెలు గూడా జీన్స్ తొడుక్కుండాయి!" అంది రత్నమ్మవ్వ.

ప్రకాశు ముఖం చిన్నదైపోయింది. రంగు కలపడంలో ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మళ్ళీ తెలుపు కలుపుతున్నాడు. నిజం చెప్పమంటారా? నాకు సంతోషం వేసింది. ఆయన గొర్రెలు పాడవుతున్నాయని లోపల ఈల వేసుకుంటూ నిలబడ్డాను.

భోజనాలకు ముందు అయ్యగారు మైకు అందుకున్నారు. "ఈ రంగులు, ఈ బ్రష్షులు, ఈ చక్కటి ఏప్రాన్లు, అన్నీ అమర్చిన ప్రకాశు గారికి వందనాలు!"

చప్పట్లు. నా చెవుల్లో కారం పోసినట్టయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మైకు లాక్కున్నంత పని చేశాను.

"అయ్యగారూ! ఏప్రాన్లు ఆయనవి కాదు, నావి! గుడ్డ నాది, కుట్టించింది నేను, ఇస్త్రీ చేసింది నేను. ఆయనకు దీంట్లో ఏం సంబంధం లేదు!"

"సరేనప్పా," అన్నారు అయ్యగారు తడబడుతూ. "ఏప్రాన్లు పూర్తిగా సామేలు గారివే. అందరూ విని ఉంటిరి కదా. ఇంక విప్పి చేతులు కడుక్కోండి."

రత్నమ్మవ్వ ముడి లాగింది. ఏప్రాన్ విప్పింది. ఏప్రాన్ పోలేదు. తెల్లచీర మీద మెడ నుంచి మోకాళ్ళ దాకా ఇంకో ఏప్రాన్ అచ్చు పడి ఉంది. జేబుతో సహా.

"అయ్యో నా చీర! ఎవురురా ఈ గుడ్డ తెచ్చింది?"

ఎవరూ జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. అప్పుడే మైకులో చెప్పుకున్నాను కదా. అందరి తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. ఒక్కొక్కరే విప్పుతున్నారు. ఒక్కొక్క ఏప్రాన్ కిందా నా పనితనం బయటపడుతోంది. అయ్యగారి తెల్ల అంగీ ముందు సగం నీలం, వెనక సగం తెలుపు.

అంతలో ప్రకాశు ముందుకొచ్చాడు. "తప్పు నాదండీ. పని నాకు అప్పజెప్తిరి. గుడ్డ ఉతికించల్లని తెలిసీ గట్టిగా అడగలేకపోయినా. క్షమించండి."

"అయ్యో, నీదేం తప్పు నాయనా!" "ఎంత మంచి మనిషి!" అన్నారు చుట్టూ జనం. రత్నమ్మవ్వ అయితే కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ కొంగు వల్ల కళ్ళ కింద కూడా నీలమైంది.

అప్పుడు నాలో ఏం జరిగిందో నాకే విచిత్రం. నా తప్పు! నేను స్వయంగా, జేబులతో సహా కుట్టించిన తప్పు! దాన్ని కూడా ఈయనే పట్టుకుపోతున్నాడా? దానికి కూడా పొగడ్త ఈయనకేనా?

"లేదు! తప్పు నాదే!" అని అరిచాను. "ఆయన ఉతికించమని చెప్పినాడు, నేనే ఇనలేదు. ఉతికితే వెలిసిపోతాది, వెలిస్తే మీరు మెచ్చుకోరని, తెలిసే ఉతికించలేదు!"

నా నోటి నుంచి వచ్చిన మాట నా చెవికి చేరాక గానీ ఏం చెప్పానో అర్థం కాలేదు. ముందుగా రత్నమ్మవ్వే అంది.

"ఏందిరా సామేలూ, దీనికి గూడా చప్పట్లు కొట్టల్లనా?"

ఆ నవ్వులు రైల్వే స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. నీలం బట్టలు నీలంగానే ఉన్నాయి గానీ, నేను మాత్రం తెల్లబోయాను.

మర్నాడు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పాడైన బట్టలన్నీ ఇమ్మని అడుక్కున్నాను. చివర్లో సుగుణ తన చీర తెచ్చి సంచిలో వేసింది. "ఇది గూడా పెట్టుకో. నేనూ సంఘంలో మనిషినే." మా ఓనరును బతిమాలితే, కడుపుబ్బ నవ్వి, యూనిట్లో ఒక మూల తొట్టి వాడుకోమన్నాడు.

మిషన్లో వేస్తే పాత చీరలు చిరుగుతాయని చేత్తోనే ఉతకడం మొదలుపెట్టాను. పిలవకుండానే ప్రకాశు వచ్చాడు. ప్యాంటు మడిచి తొట్టి దగ్గర కూర్చున్నాడు. బ్లీచ్ ఎంత కలపాలో, ఎన్నిసార్లు జాడించాలో నేను చూపించాను. ఆయన రత్నమ్మవ్వ చీర తీసుకుని, అంచు నలగకుండా, ఓపికగా ఉతికి వెలుగుకు పట్టి చూశాడు. మచ్చ లేదు. నా చేతిలోని చొక్కా మీద జేబు ఇంకా కనిపిస్తోంది. ఎర్రదుమ్ము మనిషి నీలంలో కూడా నన్ను మించాడు. నా గుండెల్లో చురుక్కుమంది.

అక్కడే, మోకాళ్ళ దాకా తడిసి, తొట్టి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఉతకని జీన్స్ గుడ్డను మనిషి ఒంటి మీద కట్టను. మైకు కనిపిస్తే అవతలి గోడ దగ్గర నిలబడతాను. ఊడే వెంట్రుకల బ్రష్షు ఉచితంగా ఇచ్చినా కొనను.

ఆరిన బట్టలు మడతపెట్టి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాను. రత్నమ్మవ్వ చీర విప్పి, తిప్పి, ముక్కుకు ఆనించి వాసన కూడా చూసింది.

"ఒరే సామేలూ! కొన్నప్పుడు గూడా ఇంత తెల్లగా లేదురా. పాలమాదిరి చేసినావు!"

ఎంత తియ్యటి మాట! నోట్లో పెట్టుకుని మింగేస్తే ఎవరికీ తెలియదు. పన్ను పీకించుకున్నంత కష్టంగా నోరు తెరిచాను.

"అది నేను కాదవ్వా. ప్రకాశు ఉతికినాడు."

"అట్లనా! నేననుకుంటి. ఆ పిల్లోని చెయ్యే చెయ్యి..." అని ఆమె ఆయన్ని పొగడటం మొదలుపెట్టింది. ఆయన బొమ్మలు, ఆయన బకెట్లు, ఆయన మంచితనం. గుమ్మం దగ్గర ఎండలో నిలబడి, ఆమె పూర్తిగా ఆపేదాకా విన్నాను.