పిన్ను పెట్టిన నట్టు

మా ఆవిడ జీపు డ్రైవరు. నేను దర్జీని. ఈ మాట మొదటిసారి విన్నవాళ్ళు తారుమారుగా విన్నామేమోనని మళ్ళీ అడుగుతారు. ఇరవై ఏళ్ళుగా ఆమె కొండ మీది ఊళ్ళకి మనుషుల్నీ సరుకుల్నీ చేరవేస్తోంది. జీపుకి ఏ కాస్త నలత చేసినా ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది. నాకు జ్వరం వస్తే మాత్రం నేనే చెప్పుకోవాలి.

వానలు తగ్గాక స్టీరింగు ఒక పక్కకి లాగడం మొదలుపెట్టింది. ఆమె ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపింది. అది ఊడబోయే పాలపన్నులా కదిలింది.

"బాల్ జాయింట్లు అరిగిపోయాయి," అంది.

చక్రాన్ని బండికి పట్టి ఉంచుతూనే అటూ ఇటూ తిరగనిచ్చే గుండు కీళ్ళవి. ఊడితే చక్రం ఒరిగిపోతుంది. కొండదారిలో ఒరిగితే ఇక చెప్పేదేముంది.

బండిని షెడ్డుకి ఇవ్వడం మా ఆవిడకి గిట్టదు. ఆదివారం పొద్దున్నే పెరట్లో పని మొదలైంది. మర్నాడు మా అత్తగారిని కొండమీద ఆవిడ ఇంట్లో దింపాలి. అత్తగారు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని పర్యవేక్షణకి కూర్చున్నారు. నా చేతికి సూది తప్ప ఇంకేదీ లొంగదని ఆవిడ గట్టి నమ్మకం. పెళ్ళయిన నాటి నుంచీ ఆ నమ్మకాన్ని నేను వమ్ము చేయలేదు.

పాతవి ఊడదీయడానికే మధ్యాహ్నమైంది. మా ఆవిడ నూనె పోసింది, సుత్తితో బాదింది, చివరికి నోరారా తిట్టింది. తిట్టాకే ఊడాయి. ఎడమవైపు కొత్తవి కూర్చోబెట్టి, కుడివైపుకి వెళ్తూ నాతో అంది:

"ఈ కింది నట్టొకటి బిగించి పిన్ను పెట్టేయండి."

అంత పని నాకు అప్పగించడం అదే మొదలు. అత్తగారు వింటున్నారు కూడా. నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది. కొలిచి మరీ చెప్పగలను.

నట్టుని వేళ్ళతో తిరిగినంత తిప్పాను. పెద్ద పానా అవతల ఆమె దగ్గరుంది. ఈలోగా నట్టు జారకుండా దాని గాడిలోంచి పిన్ను దోపాను. రెండు కాళ్ళ పిన్ను అది. దోపాక ఆ కాళ్ళు వెనక్కి వంచాలి. నేను వంచలేదు. మా పనిలో పిన్ను ముందు, కుట్టు తర్వాత. గుడ్డ కదలకుండా పిన్ను గుచ్చి, అసలు కుట్టు తీరిగ్గా వేస్తాం. అంతలో జాకీ పట్టుకోమని ఆమె కేకేసింది. వెళ్ళాను. అది అలా మరుగున పడిపోయింది.

ఆమె తిరిగి వచ్చి వంగి చూసింది. పిన్ను తల కనిపించింది. వాళ్ళ పనిలో అంతా బిగిశాకే, ఆఖరున పెడతారు పిన్ను. ఇక అనుమానం లేకుండా చక్రం ఎక్కించేసింది.

సోమవారం ఎనిమిదింటికి జీపు కదిలింది. ముందు సీట్లో గుడ్ల ట్రేలు, వెనక అత్తగారు. గుడ్లు తన కళ్ళెదుటే ఉండాలంటుంది మా ఆవిడ. కాసేపటికి నేను కొట్లో పోస్ట్‌మ్యాన్‌కి కొత్త చొక్కా తొడిగి చేతి పొడవు చూస్తున్నాను.

"ఊడదు కదా?" అన్నాడతను చెయ్యి ఆడిస్తూ.

"ఇది ఉత్త పిన్నేనండీ. ఇంకా కుట్టందే..."

నిన్నటి నట్టు గుర్తొచ్చింది. మా ఆవిడకి ఫోన్ చేశాను. దారిలో రాళ్ళ క్వారీ దాటితే సిగ్నల్ ఉండదు. దాటేసినట్టున్నారు.

"మీ స్కూటరు తాళం ఇవ్వండి."

"మరి నా చొక్కా?"

"ఒంటిమీదే ఉంచుకోండి. గుచ్చుకోకుండా నిలబడండి!"

ఆ దారి ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ప్రతి మలుపులోనూ ముందు పక్కనున్న గుంటలోకే చూశాను. ఒకే ఒక్క ఆశ, వాగు. వాగు ముందర ఆమె తప్పకుండా ఆగుతుంది. నాలుగు చక్రాలకీ పట్టు రావాలంటే దిగి ముందు చక్రాల బొడ్డులో ఉన్న మీటలు తిప్పాలి. వాగు దాటితే తొమ్మిది మలుపుల ఎక్కుడు, ఎడమవైపంతా లోయ.

జీపు వాగొడ్డునే ఉంది. ఆమె చక్రం దగ్గర కూర్చుని మీట తిప్పుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. అత్తగారు వెనక నుంచి తల బయటపెట్టారు.

"వచ్చావా అల్లుడూ! ఎడమ చక్రం టకటకమంటోందని దారి పొడుగునా మొత్తుకుంటున్నా. నీ పెళ్ళాం వింటేనా! అది ఆయన బిగించింది, ఆయన చేతిపని ఊడదు అంటుంది."

ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ మొహం చూశాక మింగేశాను.

"బిగించలేదు," అన్నాను. "పిన్ను పెట్టానంతే. మర్చిపోయాను."

ఆమె బండి కిందికి దూరింది. పిన్ను ఎక్కడో రాలిపోయింది. నట్టు రెండు చుట్ల మీద వేలాడుతోంది. బయటికొచ్చి ఆమె చేతులు దులుపుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"వేలు పెట్టి చూడాల్సింది," అంది మెల్లగా. "తల చూసి సరే అనుకున్నా."

చక్రం జాకీ మీద లేపి, పెద్ద పానా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే బిగించు. నా వల్ల కాదు," అన్నాను.

"మీరే."

గులకరాళ్ళ మీద వెల్లకిలా పడుకుని లాగాను. "ఇంకా," అంది. లాగాను. "ఇంకా." భుజం పట్టేసేదాకా లాగాను. డబ్బాలోంచి కొత్త పిన్ను ఇచ్చింది. దోపి, రెండు కాళ్ళూ వెనక్కి వంచాను. ఆమె వేలితో తడిమి చూసి తల ఊపింది.

అత్తగారు బండి దిగారు. ముందు సీట్లోని గుడ్ల ట్రేలు ఒళ్ళో పెట్టుకుని, సరిగ్గా ఆ చక్రం పక్కనే కూర్చున్నారు.

"అక్కడెందుకమ్మా, వెనక్కి రా," అంది మా ఆవిడ.

"ఇక్కడే బాగుంది. పోనీ."

జీపు వాగు దాటింది. మలుపు మలుపుకీ హారన్ కొట్టడం మా ఆవిడ అలవాటు. ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను. తొమ్మిదోది వినిపించాకే స్కూటరు వెనక్కి తిప్పాను.