రెండో కోటింగు

నిన్న గేటుకి బూడిదరంగు వేయిస్తుంటే, ఆ వాసనకి మా తమ్ముడి పొట్ట గుర్తొచ్చింది.

డెబ్బై ఒకటి యుద్ధంలో విశాఖలో సైరన్ మోగితే చాలు, నాలుగేళ్ల తమ్ముడు మంచం కింద దూరేవాడు. నాన్న యుద్ధనౌకలకి రంగులు వేసేవాడు. రేవులో ఉన్న మన డిస్ట్రాయర్ ఓడ గట్టిదేనా అని ఆయన్ని అడిగాను.

"ఇంగిలీసోలు పాత యుద్దంలో అర్జెంటుగా కట్టేసినారమ్మా. రేకు పల్సన. బరువైతే పరిగెట్టలేదు గదా."

"మరి గుండు తగిల్తే?"

"నాను లేనేటి? ఏటా రెండు కోటింగులు ఏత్తన్నాను."

నమ్మేశాను. మర్నాడు ఇంట్లో మిగిలున్న ఓడల బూడిదరంగు తీసి, తమ్ముడికి మెడ నుంచి మోకాళ్ల దాకా రెండుసార్లు పూశాను. సాయంత్రం సైరన్ మోగింది. వాడు మంచం కింద దూరలేదు. గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డాడు.

అమ్మ నా వీపు వాయించింది. నాన్న కిరసనాయిలు గుడ్డతో వాణ్ణి తుడుస్తూ, అమ్మకి వినబడకుండా నాతో అన్నాడు:

"మొదటి కోటింగు ఆరినాకే రెండోది ఎయ్యాలే."

నిన్న పెయింటరు రెండో కోటింగుకి బ్రష్ ముంచుతుంటే ఆగమన్నాను. గేటు మీద వేలు పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది.