గడ్డి లచ్చవ్వ నేర్పిన వెనకడుగు

ఈ ఉదయం మా సత్తెమ్మ పొయ్యి మీద ఉలవలు పెట్టింది. మోకాళ్ళ నొప్పులకు మంచివని ఎవరో చెప్పారట. మూత సందు నుంచి ఆ వాసన వచ్చిందో లేదో, మంచం మీద మూలుగుతున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. అది అందరికీ తిండి వాసనే. నాకు మాత్రం గుర్రపు కొట్టం వాసన, తడి గడ్డి వాసన, పొగాకు నమిలే ఒక ముసలామె నోటి వాసన. "ఏంది బాపూ, ఆకలైతున్నదా?" అంది సత్తెమ్మ. "గుర్రం దాణా పెడుతున్నవ్, రేపు గడ్డి గూడ ఏస్తవా బిడ్డా?" అన్నాను. పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇవాళ ఈ ఇంట్లో వినిపిస్తోందంటే దానికి కారణం గడ్డి లచ్చవ్వ. ఆమె గురించి నేను నా బిడ్డకు సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. టాంగా తోలేవాడికి రాతలేమిటని నవ్వకండి. నాకు అక్షరాలు నేర్పింది నా బిడ్డే. బడి నుంచి వచ్చి పలక నా ముందు పెట్టేది, తప్పు రాస్తే తొడపాశం పెట్టేది.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులు. పోలీసు యాక్షన్‌కు మూడు నాలుగేళ్ళ ముందు సంగతి. ఇబ్రహీంపట్నంలో నాకు ఒక టాంగా, దానికొక ఎర్ర గుర్రం. ఆడ గుర్రం. గుర్రాల ఒంటి మీద వెంట్రుకలు అక్కడక్కడ గుండ్రంగా తిరిగి ఉంటాయి, వాటిని సుడులంటారు. కొనేవాళ్ళు పళ్ళకంటే ముందు సుడులే చూస్తారు. కంటి కింద సుడి ఉంటే అది కన్నీటి సుడి, కొన్న ఇంట్లో ఏడుపు తప్పదని నమ్మకం. మా గుర్రానికి కుడి కంటి కింద అదే ఉంది. ఎవరూ కొనలేదు, నేను కొన్నాను. "సుడి లేదు, గిడి లేదు" అని టాంగాల అడ్డాలో మీసం తిప్పాను. ఏడాది తిరగకుండానే నా భార్య రాములమ్మ ఆడపిల్లను కని, మూడో రోజు కన్ను మూసింది. అప్పుడు చూడండి నా మీసం! అందరికంటే ముందు నేనే నమ్మాను. సుడిని కాలిస్తే దోషం పోతుందని అడ్డాలో అన్నారు. ఇద్దరు చెవులు మెలిపెట్టి పట్టుకున్నారు, ఒకడు ఇనుము ఎర్రగా కాల్చి కంటి కింద వాత పెట్టాడు. తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నది నేను.

ఆ రోజు నుంచి గుర్రం తల దగ్గరకు చెయ్యి రానిచ్చేది కాదు. కళ్ళెం చూస్తే గోడకు అంటుకుపోయేది, ఇంకా దగ్గరికి పోతే కొరికేది. కళ్ళెం లేనిదే టాంగా లేదు, టాంగా లేనిదే పొయ్యి వెలగదు. అమ్మజూపితే కొనేవాడు లేడు. ఇంకో నెల ఇట్లాగే గడిస్తే దొర దగ్గర జీతానికి కుదరడం తప్ప నాకు దారి లేదు. ఇక ఇంట్లో పిల్ల. తల్లిని మింగి పుట్టిందని చుట్టాలు అన్నారు. నేను కాదనలేదు. మా అమ్మే మేకపాలు పట్టి సాకేది. పేరు పెట్టలేదు, ఎత్తుకోలేదు. "ఆ పిల్ల" అనేవాణ్ణి. తొట్టెల ఉన్న అర్రలోకి పోవలసి వస్తే తల పక్కకు తిప్పుకుని పోయేవాణ్ణి.

లచ్చవ్వ పెద్దచెరువు శిఖంలో, నీళ్ళు తగ్గిన నేల మీద, గడ్డి కోసి మోపులు కట్టి టాంగాల అడ్డాలో అమ్మేది. అప్పటికే అరవై దాటి ఉంటాయి. మోపు వదులుగా కట్టి లావుగా చూపించేది, నిలదీస్తే మన వంశాన్నంతా తిట్టేది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. గుర్రం కొరికిందట. "తప్పు దానిది గాదు, నాదే. సెవులు సూడకుంట సెయ్యి వెట్టిన" అనేది. వాళ్ళ నాయన ఒక జాగీర్దారు కొట్టంలో గుర్రాలను చూసుకునే సాయీసు. ఆడపిల్లవు, గుర్రం ఎక్కొద్దని అన్నారు గాని, పక్కన కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చునే అంతా నేర్చుకుంది.

ఒకరోజు ఆమె గడ్డి వేయడానికి వచ్చేసరికి నేను గుర్రం చెవి మెలేసి కళ్ళెం కుక్కుతున్నాను. మోపు అక్కడే పడేసి, "ఇడువ్‌రా! నీ సెవి నేను మెలేస్త, పాట వాడుతవా?" అని అరిచింది. విడిచాను. నా చెంప మీద, గుర్రం నోట్లో, రెండు చోట్లా నెత్తురు. సంగతంతా అడిగింది. చెప్పాను, వాత మాట తప్ప. కంటి కింద మచ్చ ఏమిటంటే, వేడి కుడితి ఒలికిందేమో అని ఏదో నసిగాను. "దీన్ని మంచిగ జేస్త. కూలి వద్దు. నా మాట మీద నిలవడాలె, అంతే. పేరేంది దీని పేరు?" అంది. లేదన్నాను. "పేరు లేనిదాన్ని ఎట్ల పిలుస్తవ్? అది ఎట్ల పలుకుతది?" అని, నుదుటి మీద తెల్లమచ్చ చూసి అప్పటికప్పుడు చుక్క అని పేరు పెట్టింది.

మర్నాటి నుంచి వచ్చి ఆమె చేసిందేమిటంటే, కూర్చోవడం. కొట్టంలో గుర్రానికి వీపు పెట్టి, గడ్డిలో ముళ్ళు ఏరుకుంటూ, తన కోడలిని తిట్టుకుంటూ పొద్దెక్కేదాకా కూర్చునేది. వారం రోజులు అంతే. నాకు ఒళ్ళు మండింది. "ఏం జేస్తున్నవ్ అవ్వా?" అన్నాను. "అది నన్ను సూస్తున్నది. సూడనియ్యి. నిన్ను అడగకుంట ఎవడన్న నీ మొకం మీద సెయ్యేస్తె ఊకుంటవా?" అంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో చుక్క మెడ చాచి ఆమె కొంగు వాసన చూసింది. అబ్బ, ఇక పట్టుకుంటుందనుకున్నాను. లచ్చవ్వ లేచి ఒక అడుగు వెనక్కి వేసింది! దగ్గరికొచ్చినదాన్ని వదిలేస్తావేంటని నేను నెత్తి కొట్టుకున్నాను. "అది ఒక్కడుగు ముందుకేసింది గద, మనం ఒక్కడుగు ఎనుకకెయ్యాలె. భయం లేదని దానికి ఎరుక గావాలె. గుంజితె వచ్చేది తాడే బిడ్డా, గుర్రం రాదు" అంది. నిజంగానే చుక్క ఇంకో అడుగు ముందుకు వేసింది.

చెవులు చదవడం అప్పుడే నేర్పింది. ముందుకు నిలబెడితే వింటున్నట్టు, వెనక్కి పడుకోబెడితే నువ్వు పక్కకు జరగాలి, ఒకటి ఇటూ ఒకటి అటూ తిప్పితే ఆలోచిస్తోంది, కదిలించకు. నోరు చప్పరిస్తే మనసు కుదుటపడినట్టు. నెల తిరిగేసరికి లచ్చవ్వ చెయ్యి చుక్క మెడ దాకా, మెడ నుంచి చెంప దాకా పోయింది. ఆ రోజే ఆమె వేళ్ళు కంటి కింద మచ్చ మీద ఆగాయి. "ఇది కుడితి ఒలికింది గాదు. ఎవరు వెట్టిన్రు వాత?" అంది. ఇక దాచలేక చెప్పేశాను. తల పట్టుకున్నది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందని తల వంచుకున్నాను. కొడవలి తీసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి మామూలుగా గడ్డి వేస్తూ, "నీ మూతి వలగొడ్దామనిపిచ్చింది. గందుకే రాలె. కోపం వట్టుకొని గుర్రం కాడికి రావద్దు. ఇంటికాడ దించుకొని రావాలె" అంది. తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు నాకు.

మరో నెలకు చుక్క ఆమె చేతి నుంచి కళ్ళెం అందుకుంది. నా చేతిలో అదే కళ్ళెం కనిపిస్తే మాత్రం వణికేది. నా చేతులు దానికి గుర్తున్నాయి మరి. ఒకనాడు లచ్చవ్వ పిల్లను ఒళ్ళో వేసుకుని కొట్టం గడప మీద కూర్చుంది. చుక్క తల దించి పిల్ల నెత్తి వాసన చూసింది. పిల్ల దాని మూతి పట్టుకుని కిలకిలమంది. "రా, ఎత్తుకో" అంది నాతో. నేను వెనక్కి జరిగాను. "గా ఎనుకడుగు గాదు నేను నేర్పింది!" అని కసిరింది. "దానికి సుడి, దీనికి పుట్టుక. నింద మోపనీకి నోరు లేనియి రెండు దొరికినయి నీకు." నేను నీళ్ళ బిందె ఎత్తుకుని బయటికి పోయాను.

పిల్లకు ఆరో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో కళ్ళు లోపలికి పోయాయి. మూడో రోజు పొద్దున నేను ఇంట్లోకి వచ్చేసరికి మా అమ్మ పొయ్యిలో సన్నని ఇనుప చువ్వ కాలుస్తోంది. "కడుపు మీద వాత వెడ్తె నిలవడ్తది కొడుకా, కాళ్ళు జర వట్టుకో" అంది. పాపం, ఆమెకు తెలిసిన వైద్యం అదే. చువ్వ కొన ఎర్రబడింది. మళ్ళీ నన్నే పట్టుకొమ్మంటున్నారు. చువ్వ లాక్కుని కుడితి తొట్టిలో పారేసి, "పట్నం దవాఖానకు తీస్కపోత" అన్నాను. "దేంట్ల తీస్కపోతవ్‌రా?" అంది అమ్మ ఏడుస్తూ. నేను అప్పటికే కళ్ళెం పట్టుకుని కొట్టంలోకి ఉరికాను.

చుక్క చెవులు పడుకోబెట్టి గోడకు అంటుకుపోయింది. అప్పుడే గడ్డితో వచ్చిన లచ్చవ్వకు కళ్ళెం ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నేనేస్తె ఇక్కడ ఏస్కుంటది. తొవ్వల నీళ్ళకాడ తీస్తవ్ గద, ఆడ ఎవరేస్తరు? నువ్వే ఎయ్యాలె." "పిల్ల సస్తదవ్వా!" అని అరిచాను. నా చొక్కా పట్టుకుని ఆపింది. "గందుకే ఆగుమంటున్న. తొందర నీది, దానిది గాదు. ఉరికితె రెండూ పోతయి. నిలవడు." నిలబడ్డాను. చుక్కకు పక్కగా తిరిగి, కళ్ళు నేలకు వాల్చి, కళ్ళెం ఉన్న చెయ్యి కిందికి దించాను. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంట్లో పిల్ల ఏడుపు వినిపిస్తోంది. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. ఆగిన తర్వాత నిలబడటం ఉంది చూశారూ, పగవాడికి కూడా వద్దు. కాళ్ళు ఉరకమంటున్నాయి, లచ్చవ్వ కళ్ళు వద్దంటున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు. మణికట్టు మీద వెచ్చగా ఊపిరి తగిలింది. చుక్క తల దించి, తనంతట తానే నోరు తెరిచి కళ్ళెం అందుకుంది.

మా అమ్మ ఏడుస్తూ కూలబడింది, ఆమెకు పిల్లనివ్వలేం. లచ్చవ్వ పిల్లను తెచ్చి, రాములమ్మ పాత చీరతో నా ఛాతీకి కట్టేసింది. నన్ను అడగనే లేదు. నా బిడ్డ బరువు నాకు తెలిసింది ఆ పూటే. కోడిపెట్టంత కూడా లేదు. కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు, గుడ్డ పీలిక చేతికిచ్చి, పెదాలు తడుపుతూ పొమ్మంది. బొంగులూరు దాటాను. బడంగ్‌పేట దగ్గర నీళ్ళకు ఆపి కళ్ళెం తీశాను. మళ్ళీ వేసేటప్పుడు మళ్ళీ అడుగు వెనక్కి వేశాను, చుక్క మళ్ళీ తల దించింది. దవాఖానలో చీటీ రాసే అతను పిల్ల పేరు అడిగాడు. రాములమ్మ కడుపుతో ఉన్నప్పుడు, ఆడపిల్లయితే వాళ్ళమ్మ పేరు పెట్టుకుంటానంది. "సత్తెమ్మ" అన్నాను. ఎనిమిది రోజుల తర్వాత పిల్ల నా ఒళ్ళో కూర్చునే ఊరికి వచ్చింది. లచ్చవ్వ అడ్డా దగ్గర ఎదురొచ్చి, ముందు చుక్క నోరు తెరిచి చూసింది, మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. "పుండు గాలె. మంచిగనే తోలినవ్" అంది. ఆ తర్వాతే పిల్లను చూసి, "పేరు వెట్టినవటగా" అని తలకాయ తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె ఇంకో ఆరేడేళ్ళు బతికింది. వాతలు తిన్న గుర్రాలను, తన్నులు తిన్న గుర్రాలను ఎక్కడెక్కడి నుంచో, యాచారం నుంచి కూడా తోలుకొచ్చేవారు. అన్నిటికీ వీపు పెట్టి కూర్చునేది. ఆమె పోయిన రోజు చుక్క దాణా మానేసిందని రాస్తే మీకు బాగుంటుంది. మానలేదు, కడుపునిండా తిన్నది. లచ్చవ్వ ఉంటే అదే మంచిదనేది. అంత గొప్ప మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మోపు మాత్రం చివరిదాకా వదులుగానే కట్టింది.

సత్తెమ్మకు చుక్క కథ తెలుసు, దవాఖాన కథ తెలుసు. గుర్రం మీద వాత నేను పెట్టించానని తెలియదు. తనను ఆరు నెలలు ముట్టుకోలేదని అసలే తెలియదు. మా అమ్మ చెప్పలేదు, లచ్చవ్వ చెప్పలేదు. నేను భయపడి చెప్పలేదు. ఇప్పుడు ఉలవలు ఉడికాయి. సత్తెమ్మ గిన్నెలో వేసుకుని వస్తోంది. ఈ కాగితాలు ఆమె కళ్ళద్దాల పక్కన పెట్టి, నేను అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటాను. పిలవను, తొందరపెట్టను. చదివి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తుంది.