చందమామ సూర్యుని పక్కకున్నదా?

గజ్వేల్ నుంచి సిద్దిపేట పోయే బస్సులో, ఒళ్ళో జవాబు పత్రాలు పెట్టుకుని దిద్దుతున్నాను. నేను సైన్సు టీచర్ని. బుధ గ్రహానికి వాతావరణం ఎందుకు లేదన్న ప్రశ్నకు గైడులో జవాబు ఒకటే: సూర్యుడికి దగ్గర కాబట్టి. ఒక అమ్మాయి మాత్రం 'అది చిన్న గ్రహం, గాలిని పట్టి ఉంచేంత ఆకర్షణ దానికి లేదు' అని రాసింది. గైడులో లేదు కదా, ఇంటు కొట్టాను.

"గా పిల్ల రాసింది తప్పెట్లయితది సార్?"

ఖాళీ కూరగాయల గంప చంకన పెట్టుకుని పక్కనే నిలబడి నా ఒళ్ళోని పేపరు చదువుతున్న ఆడమనిషి. నాకు ఒళ్ళు మండింది.

"నీకెందుకమ్మా?"

"చందమామ మీద గాలి ఉన్నదా?"

"లేదు."

"మరి చందమామ సూర్యుని పక్కకున్నదా? మనంత దూరంలనే ఉన్నది గదా! ఎండకు గాలి ఉరుకుతది సార్. పట్టుకునే బలం లేకుంటే పోతది. చిన్నగున్నదానికి గా బలం యాడికెల్లి వస్తది?"

బస్సంతా మావైపే చూసింది. నా కోపం ఇంకా పెరిగింది.

"ఏం చదివినవ్ నువ్వు?" అని గద్దించాను.

"పది ఫేలైన. సైన్సులనే." నా ఎర్ర పెన్ను వైపు చూసింది. "మా సారు గూడ గిట్లనే దిద్దిండు."

కుకునూరుపల్లిలో దిగిపోయింది.

ఇంటు మీద గీత గీసి రైటు పెట్టాను. అయినా మంట తగ్గలేదు. ఆ గైడును కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. విసిరితే ఏం లాభం? పన్నెండేళ్ళుగా దాంతోనే దిద్దాను. అలా ఇంటు పడ్డ పిల్లలంతా ఇప్పుడు ఏ బస్సుల్లో నిలబడి పోతున్నారో.